నిలువు దోపిడీ స్వామికి, సగం రోజు దోపిడీ లాడ్జికి

ముందు లాడ్జి సంగతి చెప్పేస్తాను, లేకపోతే కడుపుమంటతో మిగతాది రాయలేను.

తిరుపతి బస్టాండుకు దగ్గర్లోనే ఉంటుంది. పేరు రాయను. బోర్డు మీద ‘24 గంటల చెక్ అవుట్’ అని ఎర్రటి అక్షరాలు. ఒంగోలు నుంచి రాత్రి బస్సులో వచ్చి తెల్లవారి 5 గంటలకు దిగాం. నేను, మా ఆయన, 81 ఏళ్ల మా నాన్న. ఏసీ గది 1,800. డబ్బు, ఆధార్ కార్డులు తీసుకుని, గది కడుగుతున్నారు కూర్చోండి అన్నారు. కూర్చున్నాం. నాన్న ఆ సోఫాలోనే రెండు కునుకులు తీశారు. తాళం చేతికొచ్చేసరికి 6.40. మర్నాడు పొద్దున 6.10కి సంచులతో కిందికి దిగితే కౌంటర్లో కుర్రాడు రిజిస్టరు మావైపు తిప్పాడు. వచ్చిన టైమ్ 5.05 అని రాసుంది. “గంట దాటిపోయింది మేడం. సగం రోజు కట్టాల. తొమ్మిది వందలు.”

నాన్న ముందుకొచ్చారు. “బాబూ, తాళం ఇచ్చినప్పుడు నేను టైమ్ చూసుకున్నాను. ఆరూ నలభై.”

వాడు నవ్వాడు. “మీ వాచీ ఆగిపోయుండాదని, రిపేరు అంగడి యాడుందని నిన్న మమ్మల్నే అడిగినారు కదా తాతా?”

అంతే, నాన్నకు మాట రాలేదు. నేనూ ఫోన్లో చూశాను, కానీ చూసినట్టు రుజువేముంది? 10 గంటల దర్శనం స్లాటు తప్పిపోతుందన్న టెన్షన్‌లో మా ఆయన 900 కట్టేసి, అలిపిరి దాటేదాకా నోరు విప్పలేదు. కాబట్టి నా మాట వినండి. టీటీడీ వాళ్ల వసతి గృహాలు శ్రీనివాసంలోనో విష్ణు నివాసంలోనో గది దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి. ప్రైవేటు లాడ్జి తప్పనప్పుడు, తాళం చేతికిచ్చిన టైమ్ రిజిస్టరులో మీ కళ్ల ముందు రాయించి, ఫోటో తీసుకున్నాకే పైకెళ్లండి.

ఇక ఆ ఆగిపోయిన వాచీ. ఫేవర్ లూబా సీ కింగ్, 17 జ్యూయెల్స్, కీ ఇచ్చే రకం. 1969లో మా నాన్న అలకపాన్పు మీద కూర్చుని అడిగిన వాచీ. తాతయ్య అప్పటికి సరేనని, పొగాకు డబ్బు చేతికొచ్చాక కొనిచ్చారట. అప్పట్లో అల్లుడికి ఫేవర్ లూబా పెట్టారంటే ఊళ్లో చెప్పుకునేవాళ్లు. నాన్న గుండె ఆపరేషన్ గట్టెక్కితే ఆయన చేత నిలువు దోపిడీ ఇప్పిస్తానని అమ్మ మొక్కుకుంది. మొక్కు తీరకముందే తను వెళ్లిపోయింది. ఒంటి మీదున్నదంతా హుండీలో వేయాలి కదా. నాన్న ఒంటి మీద ఉంగరం, వెండి మొలతాడు, ఈ వాచీ తప్ప ఇంకేం లేవు. ఆ వాచీ నాలుగు నెలలుగా కాసేపు నడిచి కాసేపు ఆగుతోంది. “ఆగిపోయినదాన్ని స్వామికెట్లా ఇస్తాం? బాగు చేయించే వేద్దాం” అని పట్టు. ఒంగోల్లో ఎవరికిచ్చినా స్పేర్లు లేవన్నారు.

గాంధీ రోడ్డులో అద్దాల షోకేసులున్న ఒక షాపుకెళ్లాం. అక్కడి మనిషి వాచీ వెనక మూత కూడా తీయలేదు. “లోపల బ్యాటరీ మిషన్ పెట్టిస్తా, 650. ఇంక కీ ఇచ్చే పనే లేదు. డయల్‌కు కొత్త పెయింటింగ్, అద్దం, పాలిష్ అన్నీ కలిపి 3,500” అన్నాడు. నాన్న వాచీ లాక్కున్నంత పని చేసి బయటికొచ్చేశారు. ఆ కోపం నాకప్పుడు అర్థం కాలేదు.

గోవిందరాజస్వామి గుడి వెనక సందులో, ఒక మేడ మెట్ల కింద దొరికాడు మనకు కావలసిన మనిషి. మనిషి కూర్చుంటే ఇంకొకరికి చోటు లేదు. డెబ్బై ఏళ్లుంటాయి. కంటికి భూతద్దం బిగించి డయల్ చూసి, ముందు నాన్నకు చూపించాడు. ఆరు కింద, అంచున, ‘స్విస్ మేడ్’ అని చీమ తలంత అక్షరాలు. “దీనికి రంగేసినారంటే ఈ సన్నక్షరాలు మళ్లా రావు సామీ. మొద్దుగా వస్తాయి. చూసినోడు డూప్లికేట్ అంటాడు. ముట్టుకోవద్దు.” మరకలు, పసుపు రంగు అన్నీ అలాగే ఉంచాడు. సర్వీసింగ్ 700, సాయంత్రం రమ్మన్నాడు. నాన్న కదలనన్నారు. పక్క టీ కొట్టు నుంచి స్టూలు తెచ్చి కూర్చోబెట్టాం.

మా ఆయన విసుగు చంపుకోవడానికి ఫోన్లో ఆ కంపెనీ చరిత్ర చదవడం మొదలుపెట్టాడు. స్విట్జర్లాండులో లె లోక్ల్ అనే ఊళ్లో 1737లో అబ్రహాం ఫావ్ర్ అనే వాచీ పనివాడితో మొదలైందట. స్విస్ పేర్లలో దీనికన్నా పాతది 1735 నాటి బ్లాంపేన్ ఒక్కటే అంటారు. లూబా అనే ఇంటిపేరు 1815లో వచ్చి కలిసింది. 1865 నాటికే మన దేశానికి వాచీలు తెచ్చారు. 1962లో బివాక్ అని ఎత్తు కొలిచే చేతి వాచీ చేశారు. గాలి ఒత్తిడి తగ్గేకొద్దీ ముల్లు కదులుతుంది, కొండలెక్కేవాళ్ల కోసం. 1968లో బాతీ అని, నీళ్లలో దిగితే లోతు చూపించేది. ఆ తర్వాత బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీలొచ్చి ఇలాంటివాటిని ముంచేశాయి. 2011లో ఈ పేరును మన టైటాన్ కొన్నది.

నాన్న అంతా విని, “సముద్రం లోతు కొలిచే వాచీ చేసినవాళ్ల సరుకులో వాడు బ్యాటరీ పెడతాడంట” అన్నారు. మెకానిక్ తలెత్తకుండానే నవ్వాడు.

ఆయన పని చూడాలి. విప్పిన స్క్రూలు ఒక మూతలో, చక్రాలు ఇంకో మూతలో. టీ తాగుదామని లేచినప్పుడల్లా దుమ్ము పడకుండా ఆ సామానంతటి మీద గాజు గ్లాసు బోర్లించేవాడు. చక్రాలన్నీ పెట్రోలులో కడిగి, రబ్బరు బుడ్డితో గాలి ఊదాడు. 17 జ్యూయెల్స్ అంటే ఏంటని నేనడిగితే చిమటాతో గులాబీ రంగు చుక్కలు చూపించాడు. నగల్లో కెంపులు కావు, తయారుచేసిన కెంపులు. చక్రాల ఇరుసులు లోహం మీద తిరిగితే అరుగుతాయి, ఈ రాళ్లలో తిరిగితే అరగవు. నూనె ఎండి బంక కట్టడం వల్లే వాచీ ఆగేదట. ఏ స్పేరూ వేయలేదు. సన్నటి పుల్లతో ఒక్కో రాయికీ నూనె చుక్క తాకించి, చివర్లో బ్యాలెన్స్ చక్రాన్ని దించాడు. అది తనంతట తానే ఊగింది. నాన్న చెవి పెట్టి విన్నారు. సెకనుకు అయిదు చప్పుళ్లు, గంటకు 18,000. లెక్క ఆయన చెప్పాడు, వేళ్ల మీద సరిచూసుకున్నది నాన్న.

“ఒకసారి కీ ఇస్తే ఒకటిన్నర రోజు నడుస్తాది” అన్నాడు. వెయ్యి ఇస్తే 300 వెనక్కి లెక్కపెట్టి ఇచ్చాడు. మేం వద్దన్నా తీసుకోలేదు. లాడ్జి కుర్రాడు ఆ సందు దాకా వెళ్లి కాసేపు నిలబడితే బాగుణ్ణు.

కొండ మీద అన్నీ సాఫీగా జరిగాయి. 300 రూపాయల టికెట్లు మూడు, నెలల ముందే ఆన్‌లైన్లో తీసుకున్నాం. నా స్మార్ట్ వాచీ, ఫోన్లు కౌంటర్లో పెట్టేశాం. క్యూలో మా ముగ్గురికీ టైమ్ చెప్పింది నాన్న వాచీ ఒక్కటే. వెంగమాంబ సత్రంలో భోజనం, 50 రూపాయల లడ్లు నాలుగు. మధ్యలో, హుండీ దగ్గర, నాన్న ఉంగరం, మొలతాడు గబగబా వేసేశారు. వాచీని మాత్రం అమ్మ చీర కొంగు ముక్కలో చుట్టి, చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి విని, వదిలారు. వెనక నుంచి “జరగండి జరగండి” అన్నారు.

బయటికొచ్చాక మా ఆయన, హుండీలో పడ్డ వాచీలను టీటీడీ ఈ-వేలం వేస్తుంది, కనిపెట్టి ఉండి మళ్లీ కొనేద్దాం మావయ్యా అన్నాడు. నాన్న చూసిన చూపుకు లడ్డూ సంచి మోసుకుంటూ ముందుకెళ్లిపోయాడు.

మర్నాడు ఒంగోల్లో, సాయంత్రం టీ ఇస్తుంటే నాన్న గోడ గడియారం వైపు చూశారు. నాలుగైంది.

“నిన్న తెల్లవారి నాలుక్కి లాడ్జి గదిలో కీ ఇచ్చాను. ఒకటిన్నర రోజు అయింది.” కాసేపాగి అడిగారు, “పరకామణిలో లెక్కపెట్టేవాళ్లు ఎవరైనా ఒకసారి కీ తిప్పుతారంటావా?”