ఓడలో పై బెర్తు ఎవరికి?

పిన్ని తలుపు దగ్గరే ఆగిపోయింది. "ఏటే ఇది, గదా, బట్టల బీరువానా?" అంది. ఆవిడ వెనక అక్క, అక్క వెనక వదిన, ఆఖరున నేను. పిన్ని కదిలితే గానీ మేం లోపలికి వెళ్లలేం. ఆవిడ కదలడానికి లోపల చోటు లేదు. సూట్‌కేసులు సాయంత్రానికి గది ముందుకు చేరుస్తామని టెర్మినల్‌లోనే తీసేసుకున్నారు కాబట్టి బతికిపోయాం.

వైజాగ్‌లో పుట్టి పెరిగినవాళ్లం. బీచ్ రోడ్డు గోడ మీద కూర్చుని, హార్బర్‌లోకి పిలుపు కోసం దూరంగా లంగరేసుకున్న ఓడల్ని లెక్కపెట్టడం చిన్నప్పటి ఆట. ఎక్కింది మాత్రం ఒక్కళ్లమూ లేదు. పిన్నికి అరవై మూడు. మోకాళ్లు పూర్తిగా మొరాయించకముందే ఒక్కసారి ఓడ ఎక్కాలని ఆవిడ కోరిక. విశాఖ నుంచి సింగపూర్‌కి నేరుగా విమానం ఉండటంతో, అక్కడ బయల్దేరి మలేసియాలోని పెనాంగ్, థాయిలాండ్‌లోని ఫుకెట్ చుట్టి మళ్లీ సింగపూర్‌కే వచ్చే నాలుగు రాత్రుల క్రూయిజ్ తీసుకున్నాం.

"ఒకే గదిలో నలుగురూ పడతారమ్మా, సరదాగా ఉంటుంది" అన్నాడు ఏజెంటు. ఆయన లెక్క తప్పేం కాదు. చాలా ఓడల్లో గదికి మొదటి ఇద్దరూ పూర్తి టికెట్ కడితే, మూడో మనిషికీ నాలుగో మనిషికీ తక్కువ పడుతుంది. చెప్పనిదేంటంటే పోర్టు పన్నులు, సిబ్బందికి ఇచ్చే టిప్పులు నలుగురికీ సమానం. మాకు టిప్పు తలకి రోజుకి 18 అమెరికన్ డాలర్లు. నలుగురికి, నాలుగు రాత్రులకి 288 డాలర్లు! రెండు గదులు తీసుకున్నా ఈ 288 మారదు, గది అద్దె మాత్రమే పెరుగుతుంది. ఇంటికొచ్చాక కూర్చుని వేసి చూస్తే, కలిసి ఉన్నందుకు మాకు మిగిలింది తలకి ఏడెనిమిది వేల రూపాయలు. ఆ డబ్బుకి ఏం పోగొట్టుకున్నామో చెప్తాను.

ముందు ఒక్క ముఖ్యమైన మాట. సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి. ఓడ ఎక్కితే ఆ దేశం వదిలినట్టే, తిరిగొస్తే మళ్లీ ప్రవేశించినట్టే. మలేసియా 2023 డిసెంబరు నుంచి మనవాళ్లని వీసా లేకుండా రానిస్తోంది. మేం వెళ్లినప్పుడు థాయిలాండ్ కూడా అంతే. అయినా ఆన్‌లైన్ ఫారాలు నింపాలి. నలుగురివీ నా ఫోన్‌లోనే నింపాను. పిన్ని పాస్‌పోర్టులో ఒక పుట్టినరోజు, నోట్లో ఇంకో పుట్టినరోజు. "బడిలో మాస్టారు వేసిందే అది" అని ప్రతి ఫారానికీ ఒకసారి చెప్పింది.

ఓడ ఎక్కే ముందు రోజు రాత్రి సింగపూర్‌లోని లిటిల్ ఇండియా పేటలో దిగాం. చిన్న హోటల్, రెండు గదులు. అందులో ఒకదానికి కిటికీ లేదు, గోడకి కిటికీ బొమ్మ ఉంది. సింగపూర్ చవక హోటళ్లలో ఇది మామూలేనట, బుక్ చేసేటప్పుడు చూసుకోవాలి. గది శుభ్రంగా ఉంది, వేన్నీళ్లు ధారగా వచ్చాయి, అంతకంటే ఏం కావాలి. పొద్దున్నే సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్‌లో దోసెలు తిన్నాం. అక్కణ్నుంచి టాక్సీ అన్నారు గానీ, మెట్రోలో డోబీ గాట్ దగ్గర ఒక్కసారి మారితే నేరుగా మెరీనా సౌత్ పియర్‌లో దిగొచ్చు. క్రూయిజ్ టెర్మినల్ అక్కడికి నడక దూరమే. పెట్టెలు లాక్కుంటూ మధ్యాహ్నపు ఎండలో ఆ కాస్త దూరమే ఎక్కువనిపించింది. పెద్దవాళ్లుంటే టాక్సీయే నయం.

ఇక గది. కిటికీ లేని లోపలి గది. సుమారు 170 చదరపు అడుగులు. మన మేస్త్రీల భాషలో పన్నెండు బై పద్నాలుగు, బాత్రూమ్‌తో కలిపి. కింద రెండు మంచాలు, మధ్యలో ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. పై బెర్తులు రెండూ పగలు కనబడవు. సాయంత్రం మేం భోజనానికి వెళ్లినప్పుడు గది చూసే అబ్బాయి వచ్చి వాటిని కిందికి దించి, పక్కలు వేసి, నిచ్చెన తగిలించి వెళ్తాడు. తిరిగొచ్చి చూస్తే అచ్చం గోదావరి ఎక్స్‌ప్రెస్ బోగీయే, టీసీ ఒక్కడే తక్కువ.

పై బెర్తు ఎవరికి? పిన్ని ప్రశ్నే లేదు. అక్కకి నడుం నొప్పి. మిగిలింది వదిన, నేను. పైకెక్కడం కష్టం కాదు. ఎక్కాక లేచి కూర్చోలేం, సీలింగ్ నెత్తికి తగులుతుంది. ఏసీ గాలి సరిగ్గా మొహం మీదే. వదిన బీపీ మాత్ర వేసుకుంటుంది కాబట్టి రాత్రి రెండుసార్లు లేవాలి. మొదటి రాత్రి చీకట్లో నిచ్చెన అనుకుని పిన్ని కాలి మీద అడుగు వేసింది. పిన్ని "దొంగ!" అని అరిచింది. నడిసముద్రంలో దొంగేంటి అని అక్క నవ్వడం మొదలెట్టింది, ఇక తెల్లవారేదాకా ఎవరం నిద్రపోలేదు.

ఆ చీకటి గురించి చెప్పాలి. మన ఇళ్లలో అంత చీకటి ఉండదు. వీధి దీపమో, పక్కింటి బల్బో ఏదో ఒక వెలుగు లోపలికి వస్తుంది. అక్కడ లైటు ఆర్పితే మన చెయ్యి మనకి కనబడదు, తెల్లారిందో లేదో తెలీదు. రెండో రోజు ఒక ఉపాయం తెలిసింది. టీవీలో ఓడ ముందుభాగం కెమెరా చూపించే ఛానల్ ఉంటుంది. సౌండ్ తీసేసి అది పెట్టుకుంటే రాత్రంతా బెడ్‌లైట్, పొద్దున్న అందులో తెల్లవారితే మనకీ తెల్లవారినట్టు. వదిన మళ్లీ ఎవరినీ తొక్కలేదు.

బాత్రూమ్ దగ్గర గొడవవుతుందని అందరం అనుకున్నాం, అవలేదు. టెలిఫోన్ బూత్ అంత స్నానాల గది, ఒంటికి అంటుకుపోయే ప్లాస్టిక్ కర్టెన్. అయినా పిన్ని నాలుగున్నరకే లేచేస్తుంది, వదిన ఐదున్నరకి, నేను రాత్రే స్నానం చేసేస్తాను, అక్క జిమ్ పక్కనున్న షవర్లకి వెళ్లింది. అవి ఖాళీగా, విశాలంగా ఉంటాయి, డబ్బులు అడగరు. నలుగురు ఒక గదిలో ఉండేవాళ్లు మొదటి రోజే వెతుక్కోవలసింది వాటినే. అసలు సమస్య వేరే. లోపల పేపర్ తప్ప నీళ్ల ఏర్పాటు లేదు. ఇది ముందే విని, లిటిల్ ఇండియాలో ఒక ఎర్ర ప్లాస్టిక్ మగ్గు కొన్నాం. యాత్ర మొత్తంలో అంత ఉపయోగపడిన వస్తువు ఇంకోటి లేదు. ఫ్లష్ నొక్కితే విమానం ఎగిరినంత చప్పుడు, కాబట్టి అర్ధరాత్రి ఎవరు లేచినా నలుగురం లేచినట్టే.

చోటు మాత్రం నిజంగా ఇబ్బందే. బీరువాలో హ్యాంగర్లు లెక్కపెట్టి ఉంటాయి, నాలుగు చీరలు పట్టేసరికి నిండిపోయింది. ఖాళీ సూట్‌కేసులు మంచాల కిందకి తోసేయొచ్చు, అది మంచి ఏర్పాటు. గోడలు లోహంతో చేసినవి, అయస్కాంతం అతుక్కుంటుంది. మా వదిన వాళ్ల అమ్మాయి చెప్పి పంపిన ఆరు మాగ్నెట్ కొక్కేలు మమ్మల్ని కాపాడాయి. హ్యాండ్‌బ్యాగులు, తువ్వాళ్లు, పిన్ని జపమాల సంచీ అన్నీ గోడకే వేలాడాయి. ఇస్త్రీపెట్టె, కరెంటు కెటిల్, కరెంటు హెచ్చుల్ని ఆపే సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్ తేకండి. నిప్పు ప్రమాదమని స్కానింగ్‌లో తీసేసుకుని, దిగే రోజు ఇస్తారు. అక్క ఇస్త్రీపెట్టె అలాగే నాలుగు రోజులు వాళ్ల దగ్గర విశ్రాంతి తీసుకుంది.

రెండో రోజు మధ్యాహ్నానికి పెనాంగ్. ఈ మొత్తం ప్రయాణంలో మళ్లీ వెళ్లాలనిపించిన చోటు ఇదొక్కటే. ఓడ స్వెటెన్‌హామ్ పియర్‌కి ఆనుకుంటుంది, దిగితే ఊళ్లోనే ఉన్నట్టు. బస్సు, టూరు ఏమీ అక్కర్లేదు. ఎదురుగానే విక్టోరియా రాణి గడియార స్తంభం. ఏలుబడికి అరవై ఏళ్లు నిండాయని ఏడాదికో అడుగు చొప్పున 60 అడుగులు కట్టారట. కాస్త నడిస్తే ఇక్కడా ఒక లిటిల్ ఇండియా, అరిటాకు భోజనం, క్వీన్ స్ట్రీట్‌లో 1833 నాటి మహామారియమ్మన్ గుడి. సాయంత్రం గుడి తెరిచేదాకా మెట్ల దగ్గర కూర్చున్నాం. పక్కన పూలమ్మే ఆవిడ తమిళంలో మాట్లాడుతుంటే పిన్ని తెలుగులోనే జవాబిచ్చింది, ఇద్దరికీ అన్నీ అర్థమయ్యాయి. కనకాంబరాలు మూర కొని నలుగురం పెట్టుకున్నాం.

ఫుకెట్ అంత బాగుండలేదు. మా ఓడ ఒడ్డుకి రాలేదు. పటోంగ్ బీచ్ ఎదురుగా సముద్రంలో ఆగితే చిన్న పడవల్లో దిగాలి. దానికి టోకెన్లు, గంట సేపు నిరీక్షణ. బీచ్ అందంగానే ఉంది గానీ ఎండలో నాలుగు గంటలు ఏం చేస్తాం? వ్యాను మాట్లాడుకుని వాట్ చలోంగ్ గుడికి వెళ్లి ఉండాల్సింది. బేరం కుదరక మానేశాం, అది మా తప్పే.

అక్కడే పెద్ద టెన్షన్ ఒకటి. థాయిలాండ్ టైము సింగపూర్ కంటే గంట వెనక. ఓడ మాత్రం సింగపూర్ టైమే పాటిస్తుంది. ఒడ్డుకి చేరగానే ఫోన్లు వాటంతటవే థాయ్ టైముకి మారిపోయాయి. ఆఖరి పడవ ఐదున్నరకి. నా ఫోన్‌లో నాలుగూ ఐదు, ఇంకా బోలెడు టైముందని కొబ్బరి బొండాలు చెప్పాం. వదిన చేతి గడియారం చూసుకుని, "అదేంటి, నాది ఐదూ ఐదు చూపిస్తోంది?" అంది. రెండు క్షణాలు ఎవరం మాట్లాడలేదు. తర్వాత ఆ ఇసకలో పిన్నిని చెరో చెయ్యీ పట్టుకుని ఎలా నడిపించామో మాకే తెలీదు. ఫోన్‌లో ఆటోమేటిక్ టైము తీసేసి వెళ్లండి, లేదా పాత గడియారం ఒకటి కట్టుకోండి.

భోజనం సంగతి చెప్పకపోతే పిన్ని ఊరుకోదు. బఫేలో ఇండియన్ కౌంటర్ ఉంది. మొదటి రోజు పప్పు తియ్యగా ఉంది, రెండో రోజూ అదే పప్పు. డైనింగ్ హాల్లో మాత్రం హెడ్ వెయిటర్‌కి ముందు రాత్రే చెప్తే మర్నాటికి విడిగా శాకాహారం వండిస్తారు. కేరళ అబ్బాయి ఒకడు పిన్నిని "అమ్మా" అని పిలిచి, అడక్కుండానే పెరుగన్నం తెచ్చిపెట్టాడు. గది చూసే ఫిలిప్పీన్స్ అబ్బాయి కూడా అంతే. నలుగురం ఉన్నామని విసుక్కోకుండా తువ్వాళ్లు ఎన్ని అడిగితే అన్ని ఇచ్చాడు, రోజూ తువ్వాలుతో ఒక ఏనుగునో కోతినో చేసి మంచం మీద పెట్టాడు. కోతిని విప్పడానికి పిన్ని ఒప్పుకోలేదు, ఆంజనేయస్వామి అంది. సర్వీస్ డెస్క్ మాత్రం సున్నా. రెండో గది ఖాళీ ఉంటే డబ్బు కడతామని మూడుసార్లు వెళ్లాం, మూడుసార్లూ నవ్వి రేపు రమ్మన్నారు.

నాలుగో రోజంతా సముద్రమే. ఆ రోజే అక్కకీ నాకూ మాటామాటా వచ్చింది, తడి తువ్వాలు ఎవరి మంచం మీద ఎవరు వేశారని. పట్టపగలు నలుగురం గదిలో ఉండటం వల్ల వచ్చిన గొడవ అది. పొద్దున్న ఎవరో ఒకరం ఉంటే చాలు, మిగతా ముగ్గురూ డెక్ మీదకో, లైబ్రరీకో పోవాలి అని ఆ మధ్యాహ్నం రూల్ పెట్టుకున్నాం. మొదటి రోజే పెట్టుకోవాల్సింది. నాలుగు రాత్రులంటే సర్దుకుంటాం, వారం రోజులైతే నేనొప్పుకోను. అరవై దాటినవాళ్లు ఇద్దరికంటే ఎక్కువుంటే ఒక్క రాత్రికి కూడా వద్దు, పై బెర్తు ఎవరో ఒకరు ఎక్కాలి కదా. వదినకీ నాకూ ఇప్పుడు ఒకటే ఒప్పందం. ఈసారి పక్కపక్కనే రెండు లోపలి గదులు, ఆ ఏడెనిమిది వేలూ కట్టేస్తాం.

ఆఖరి రాత్రి పదకొండులోపు సూట్‌కేసులు గది బయట పెట్టేయాలి, పొద్దున్న టెర్మినల్‌లో మళ్లీ అందుకోవచ్చు. మగ్గు మాత్రం పిన్ని హ్యాండ్‌బ్యాగ్‌లోనే వచ్చింది. స్కానర్ దగ్గర ఒకావిడ దాన్ని బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి, లోపల కూడా చూసి, ఏమీ అనకుండా రెండు చేతులతో పిన్నికి తిరిగి ఇచ్చింది.