అద్దమా, సెల్ఫీనా: మన ముఖం ఎందులో సరిగ్గా కనిపిస్తుంది?

అద్దంలో బాగానే ఉంటాం. ఫొటోలో చూసుకుంటే మాత్రం "ఇది నేనేనా?" అనిపిస్తుంది. తప్పు దేనిది?

అద్దం కుడి ఎడమల్ని తారుమారు చేస్తుందని అంటాం గానీ, పాపం అది ఆ పని చేయదు. కుడిచెయ్యి ఎత్తి చూడండి, అద్దంలోనూ కుడిపక్కే చెయ్యి లేస్తుంది. మారేది ముందువెనకలే: మనం ఉత్తరానికి తిరిగి ఉంటే బింబం దక్షిణానికి తిరిగి ఉంటుంది. అక్కడ మనలాంటి ఇంకో మనిషి ఇటు తిరిగి నిలబడ్డట్టు ఊహించుకుంటాం కాబట్టే ఈ తికమక.

అయితే ఒక మెలిక ఉంది. ఏ ముఖమూ రెండు వైపులా అచ్చంగా ఒకేలా ఉండదు. మనకు అలవాటైంది అద్దంలోది, ఎదుటివాళ్లకు అలవాటైంది అసలుది. 1977లో అమెరికాలో కొందరు విద్యార్థినులకు వాళ్ల ఫొటోనే మామూలుగానూ, తిప్పి అచ్చువేసీ చూపించారు. వాళ్లలో ఎక్కువమందికి తిప్పినది నచ్చింది. స్నేహితురాళ్లకేమో మామూలుది నచ్చింది. అందానిదేముంది, అలవాటు!

సెల్ఫీ ఈ విషయంలో అద్దం కన్నా నిజాయితీగా ఉండొచ్చు. తీసేటప్పుడు తెర మీద అద్దంలాగే చూపించి, చాలా ఫోన్లు దాచేటప్పుడు సరిచేసేస్తాయి. కానీ దూరం దాన్ని ముంచేస్తుంది. కెమెరాకు ముక్కు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవులు 40 దాటి ఉంటాయి. దాంతో ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. ఒకటిన్నర మీటరు దూరం నుంచి ఇంకొకరు తీస్తే ఈ బాధ చాలావరకు ఉండదు.

ఎదుటివాళ్లకు ఎలా కనిపిస్తున్నామో అప్పటికప్పుడు తెలియాలంటే నా ఓటు మూడోదానికి: రెండు అద్దాల్ని అంచులు కలిపి, పుస్తకం తెరిచినట్టు సరిగ్గా 90 డిగ్రీల కోణంలో నిలబెట్టి, ఆ మూలలోకి చూడటం. ఒక అద్దం తిప్పినదాన్ని రెండోది మళ్లీ తిప్పుతుంది కాబట్టి అసలు ముఖమే కనిపిస్తుంది. అతుకు సరిగ్గా ముక్కు మీదుగా పోతుంది, కోణం కాస్త తప్పితే ముఖం నొక్కుకుపోతుంది. అయినా మొదటిసారి చూసినప్పుడు ఎవరో చుట్టాన్ని చూసినట్టుంది నాకు.

తల దువ్వుకోవడానికి మాత్రం అది పనికిరాదు. పాపిట తీద్దామని దువ్వెన ఎత్తితే బింబంలో చెయ్యి అవతలి పక్క లేచింది. దాన్ని చూస్తూ సర్దబోతే దువ్వెన చెవి దగ్గరికి పోయింది. మళ్లీ గోడ మీది అద్దం దగ్గరికే వెళ్లాను.