పాత ఇంట్లో పాతకాలపు పొయ్యి: అసలుదా, కొత్తగా పోతపోసినదా, గ్యాస్‌దా?

పాత ఇంటి గదిని వెచ్చబరచడానికి పోత ఇనుప పొయ్యి పెట్టుకోదలచినవారు ముందుగా దాని తలుపు మీది నగిషీనీ, కాళ్ల వంపునూ చూసి ముచ్చటపడతారు. నిజానికి మొదట చూడవలసింది ఇంటి పొగగొట్టాన్ని. పాత ఇటుకల మధ్య సున్నం రాలి సందులు పడితే, ఏ కట్టెల పొయ్యి పెట్టినా వేడీ పొగా దూలాల దాకా చేరే ప్రమాదం ఉంటుంది. కనుక లోపల స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం దింపడానికయ్యే ఖర్చును పొయ్యి ధరతో కలిపే లెక్కవేసుకోవాలి.

19వ శతాబ్దపు అసలు పొయ్యిని బాగుచేయించి పెట్టుకుంటే, ఆ ఇంటికి అంతగా ఒప్పే వస్తువు మరొకటి ఉండదని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. అయితే అది విడివిడి పలకలను బోల్టులతో బిగించి, అతుకుల్లో వేడిని తట్టుకునే సిమెంటు పూసిన వస్తువు; ఏళ్ల తరబడి కాగి చల్లారడంతో ఆ పూత రాలిపోయి, గాలి అదుపు లేకుండా లోపలికి చొరబడి, కట్టెలు త్వరగా కాలిపోతాయి, వేడిలో చాలా భాగం గొట్టం వెంట పైకి పోతుంది. నల్లని పాలిష్ కింద పగుళ్లు కనబడవు. చీకటి గదిలో పొయ్యి లోపల బలమైన దీపం పెట్టి చూస్తే, బయటికి వచ్చే వెలుతురు గీతలు వాటిని పట్టిస్తాయి. పైగా భద్రతా పరీక్షలు జరగని ఇలాంటి పొయ్యికీ చెక్క గోడకూ మధ్య సాధారణంగా 36 అంగుళాల ఎడం ఉంచమంటారు; చిన్న గదుల్లో అది దొరకడం కష్టం.

పాత నమూనాలో కొత్తగా చేసిన కట్టెల పొయ్యికి తలుపు చుట్టూ గాజునార పట్టీ ఉండి గాలి అదుపులో ఉంటుంది. కాలకుండా మిగిలిన వాయువులు పైనుంచి అందే వేడిగాలితో మళ్లీ మండుతాయి. మంచి పొయ్యి కట్టెలలోని వేడిలో దాదాపు 70 నుంచి 80 శాతం గదికి అందిస్తుంది. కట్టెలలో తేమ 20 శాతానికి మించకూడదు. గాలి చొరబడే ఇల్లు కదా అని అవసరానికి మించి పెద్ద పొయ్యి కొనడమే ఇక్కడ జరిగే పొరపాటు. అప్పుడు సెగ భరించలేక గాలి వచ్చే దారిని బిగించేస్తారు, మంట రాజుకోక పొగలు కక్కుతుంది, ఆ పొగ గొట్టంలో తారులా పేరుకుని ఒకనాడు అదే అంటుకుంటుంది.

గ్యాస్ పొయ్యిలలో గోడ గుండా బయటి గాలిని తీసుకుని, పొగను బయటికే వదిలే రకానికి పాత పొగగొట్టంతో పనిలేదు. కట్టెల వాసన, చిటపటలు మాత్రం దానిలో ఉండవు. విద్యుత్ పొయ్యి చాలావరకు 1500 వాట్ల హీటరుకు తొడిగిన అందమైన తొడుగే.

పొగగొట్టం గట్టిగా ఉండి, కట్టెలు ఎండబెట్టుకునే చోటు ఉన్నవారికి కొత్త కట్టెల పొయ్యే మేలని నా నిశ్చితాభిప్రాయం. ఆ రెండిటిలో ఏది లేకపోయినా గ్యాస్‌దే తీసుకోవాలి. మంట మండే పొయ్యి ఏది పెట్టుకున్నా, వాసన లేని విషవాయువును పసిగట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. తాతల నాటి పొయ్యిని వదులుకోలేనివారు దానిలో విద్యుత్ హీటరు అమర్చగల పనివారిని వెతకడం మంచిది, ఎందుకంటే అప్పుడు ఆ పాత ఇనుము మళ్లీ నిప్పుల సెగకు లోనుకానక్కరలేదు.