కానెలో ఫైట్‌కి డబ్బు కట్టే ముందు ఎదుటి పేరు చూడండి: రెండు ఆదివారాల రివ్యూ

2025 మే నెలలో ఒక ఆదివారం పొద్దున ఇడ్లీ ప్లేట్లు ముందు పెట్టుకుని నేనూ మా బావా మెక్సికో బాక్సర్ కానెలో అల్వారెజ్, విలియం స్కల్ టైటిల్ ఫైట్ చూశాం. రియాద్‌లో జరిగింది కాబట్టి టైమ్ మనకి బాగా కుదిరింది. యాప్‌కి నెల చందా కడుతున్నా ఈ ఒక్క ఫైట్‌కి మళ్లీ విడిగా కట్టాలి, దాన్నే పే పర్ వ్యూ అంటున్నారు. సరే, కట్టాం. ఎనిమిదో రౌండ్ వచ్చేసరికి బావ సోఫాలో అలాగే వాలి నిద్రపోయాడు. బాక్సింగ్ అంటే నాకంటే పిచ్చి ఉన్న మనిషి ఆయన, టైటిల్ ఫైట్ మధ్యలో కునుకు తీయడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

వీడియో బాగానే వచ్చింది, ఎక్కడా ఆగలేదు, దాని మీద నాకు కంప్లెయింట్ లేదు. నా బాధంతా ఫైట్‌తోనే. 12 రౌండ్లలో ఇద్దరూ కలిపి విసిరిన పంచ్‌లు 445. పంచ్‌లు లెక్కపెట్టే కంప్యూబాక్స్ వాళ్ల దగ్గర దాదాపు నలభై ఏళ్ల లెక్కలున్నాయి, 12 రౌండ్లూ పూర్తయిన ఫైట్లలో ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. అందులో కానెలోవి 152, అంటే మూడు నిమిషాల రౌండుకి పదమూడు కూడా కాదు. స్కల్ తాళ్ల వెంట తిరుగుతూనే ఉంటాడు, కానెలో ఒక అడుగు ముందుకేసి ఆగుతాడు, భుజం కదిలిస్తాడు, కొట్టడు, స్కల్ మళ్లీ పక్కకి జరుగుతాడు. మూడో రౌండ్ ఇలాగే, పదకొండో రౌండ్ ఇలాగే. జడ్జిలు ముగ్గురూ కానెలోకే ఇచ్చారు.

అసలు స్కల్‌తో ఎందుకు ఆడాడు? ఇది తెలుసుకుంటే ఇకముందు మీ డబ్బు మిగులుతుంది. చాంపియన్ బెల్టులిచ్చే పెద్ద సంస్థలు నాలుగు, డబ్ల్యూబీసీ, డబ్ల్యూబీఏ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ. ప్రతి బరువులోనూ ఒక్కో సంస్థ తన ర్యాంకింగ్ లిస్ట్ వేస్తుంది. ఆ లిస్టులోంచి చాంపియన్ తనకి నచ్చినవాడిని పిలిచి ఆడొచ్చు, కానీ గడువు దాటాక మాత్రం మాండేటరీ ఛాలెంజర్‌తో, అంటే సంస్థ తప్పనిసరి అని తేల్చిన ప్రత్యర్థితో, ఆడి తీరాలి, లేకపోతే బెల్ట్ లాగేసుకుంటారు. రూల్ అదే. అయితే చాంపియన్‌కి వచ్చే డబ్బులోంచి సంస్థకి ఫీజు వెళ్తుంది కాబట్టి పెద్ద పేరున్నవాడి విషయంలో గడువులు సాగుతూనే ఉంటాయి. ఈ నాలుగు సంస్థల్లో ఐబీఎఫ్ కాస్త గట్టిగా ఉంటుంది. 2024లో కానెలో వాళ్ల మాండేటరీ అయిన స్కల్‌ని వదిలేసి ఎడ్గర్ బెర్లాంగాతో ఆడటానికి ఒప్పుకుంటే బెల్ట్ తీసేశారు. ఖాళీ అయిన ఆ బెల్ట్‌ని స్కల్ గెలుచుకున్నాడు. ఏడాది తిరక్కుండానే నాలుగు బెల్టులూ మళ్లీ ఒక్కచోటికి తెచ్చుకోవాలని కానెలో అదే స్కల్ దగ్గరికి వచ్చాడు. అంటే ఆ ఆదివారం మేం కొన్నది మధ్యలో దాటాల్సిన ఒక మెట్టు మాత్రమే, అమ్మింది మాత్రం పెద్ద టైటిల్ ఫైట్ అని.

బెర్లాంగా ఫైట్ ఇంకా బాధ. అమెరికాలో దాని రేటు దాదాపు 90 డాలర్లు. మొదటి 16 ఫైట్లూ మొదటి రౌండ్‌లోనే ముగించిన కుర్రాడని పబ్లిసిటీ బ్రహ్మాండంగా చేశారు. ఆ పదహారు మందీ ఎవరో చూస్తే ఆ రికార్డు విలువ తెలిసిపోతుంది. కానెలో ముందు బెర్లాంగా మూడో రౌండ్‌లో కింద పడ్డాడు, లేచాడు, పన్నెండు రౌండ్లూ నిలబడి ఓడిపోయాడు.

ఈ లోపల బయట నిలబెట్టినవాడు ఒకడున్నాడు, డేవిడ్ బెనవిడెజ్. కానెలో ఆడే 168 పౌండ్ల బరువులోనే డబ్ల్యూబీసీ ఇంటరిమ్ బెల్ట్, అంటే అసలు చాంపియన్ తర్వాతివాడికిచ్చే తాత్కాలిక బెల్ట్, అతని దగ్గరే ఉండేది. 2023లో మార్చిలో కేలెబ్ ప్లాంట్‌ని, నవంబర్‌లో డెమెట్రియస్ ఆండ్రేడ్‌ని కొట్టాడు. ఇంకేం చేయాలి ఒక ఛాలెంజర్? జనం అడిగిన ఫైట్ అదే. బెనవిడెజ్ బరిలోకి దిగే రోజుకి బాగా బరువు పెరిగి వస్తాడని కానెలో వాదన, అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఛాలెంజర్ బరువు తూకం రోజున సరిపోయినప్పుడు మిగతాది రింగ్‌లో తేలాలి కదా. ఎదురుచూసి ఎదురుచూసి 2024లో బెనవిడెజ్ 175 పౌండ్లకి వెళ్లిపోయాడు. నాకు మాత్రం ఆ ఫైట్ బాకీ ఉండిపోయినట్టే ఉంది.

కానెలోకి భయం అనే మాట నేను అనను. 2020 డిసెంబర్ నుంచి 2021 నవంబర్ వరకు, ఏడాది కూడా కాకుండా, కాలమ్ స్మిత్, బిల్లీ జో సాండర్స్, కేలెబ్ ప్లాంట్ ముగ్గురినీ కొట్టాడు. ముగ్గురూ అప్పటిదాకా ఓటమి తెలియని చాంపియన్లు. ఆ మరుసటి ఏడాది పై బరువుకి వెళ్లి దిమిత్రి బివోల్ చేతిలో ఓడాడు కూడా. అంత ధైర్యం చూపించిన మనిషి కాబట్టే ఆ తర్వాతి ఎంపికలు చూస్తే మనసుకి కష్టంగా ఉంటుంది.

రెండో ఆదివారం సెప్టెంబర్‌లో. లాస్ వేగాస్‌లో టెరెన్స్ క్రాఫర్డ్‌తో ఫైట్, నెట్‌ఫ్లిక్స్‌లో, మామూలు చందాలోనే, పైన ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. క్రాఫర్డ్ 147లో నాలుగు బెల్టులూ కొట్టినవాడు, 154లో ఒకే ఒక్క ఫైట్ ఆడి నేరుగా 168కి ఎక్కాడు. తక్కువ బరువువాడిని ఏరుకున్నాడని ఇక్కడ కూడా కానెలోని తిట్టిన వాళ్లున్నారు, నాకూ మొదట అదే డౌట్. కానీ అతను 41 ఫైట్లు ఆడి ఒక్కటీ ఓడనివాడు, పేరుకి ఛాలెంజర్ గానీ గెలవడానికే వచ్చాడు. ఎడమచేతి వాటం, కుడిచేత్తో జాబ్, అంటే చేయి చాచి కొట్టే సూటి పంచ్, వేస్తూ కానెలోని దూరంగా ఆపేశాడు. కానెలో కడుపు మీదకి వేసే ఆ ఎడమ హుక్, చేయి వంచి పక్కనుంచి కొట్టే పంచ్, ఉంది చూశారా, దానికోసం వంగినప్పుడల్లా క్రాఫర్డ్ అక్కడ లేడు, ఒకటి తగిలించి పక్కకి జరిగిపోయాడు. ఆఖరి రౌండ్లలో ఇద్దరూ నిలబడి కొట్టుకుంటుంటే బావ టీ గ్లాసు పట్టుకుని టీవీ ముందు నిలబడిపోయాడు, టీ చల్లారిపోయినా తాగలేదు. ముగ్గురు జడ్జిల స్కోర్లు 116-112, 115-113, 115-113, క్రాఫర్డ్ గెలిచాడు. స్టేడియంలో 70,482 మంది, నెట్‌ఫ్లిక్స్ లెక్క ప్రకారం చూసినవాళ్లు 4 కోట్ల పైనే.

ఛాలెంజర్ హక్కు అనే మాట మనకి కొత్త కాదు. 2019లో ఒలింపిక్ క్వాలిఫయర్‌కి ట్రయల్ లేకుండా మేరీ కోమ్‌ని పంపాలనుకున్నప్పుడు మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ నాకూ ఒక అవకాశం ఇవ్వండని క్రీడల మంత్రికి లేఖ రాసింది. ట్రయల్ పెట్టారు, నిఖత్ 9-1తో ఓడిపోయింది. అయినా ఆ ట్రయల్ జరగడమే న్యాయం. 2022లో, 2023లో ప్రపంచ చాంపియన్ అయింది. అమెచ్యూర్‌లో, అంటే ఒలింపిక్స్ లాంటి పోటీల్లో, ఎదుటివాళ్లని ఎవరూ ఏరుకోరు, డ్రా తీస్తారు, పారిస్ ఒలింపిక్స్‌లో ఆమెకి రెండో బౌట్‌లోనే టాప్ సీడ్ వూ యూ తగిలింది. కష్టమే, కానీ చూసేవాళ్లకి అనుమానం ఉండదు.

నా రేటింగ్: స్కల్ ఫైట్‌కి 5కి 1, అది కూడా వీడియో ఆగకుండా వచ్చినందుకు. క్రాఫర్డ్ ఫైట్‌కి 5కి 5. ఇకమీదట టైటిల్ ఫైట్ కొనాలంటే నేను ఛాలెంజర్ ఆడిన ఆఖరి మూడు ఫైట్లు ఎవరితోనో చూస్తున్నా, అందులో ఒక్క మాజీ చాంపియన్ కూడా లేకపోతే డబ్బు కట్టను, మర్నాడు హైలైట్స్ చూసుకుంటా. మాండేటరీ అని పేరుంటే సరిపోదు, స్కల్ కూడా 2024లో మాండేటరీయే. మీరు స్కల్ ఫైట్ ఇంకా చూడకపోతే చూడకండి. క్రాఫర్డ్ ఫైట్ మాత్రం ఏడో రౌండ్ నుంచైనా పెట్టుకోండి, సౌండ్ పెంచుకుని.