చుట్టాలతో పని లేని కమీషన్: అమెజాన్ అసోసియేట్స్ ఎలా ఉంది?

నెట్‌వర్క్ మార్కెటింగ్‌లో చేరమని పిలుపు రాని ఇల్లు తెలుగునాట బహుశా ఉండదు. అమ్మే సరుకు కాలాన్ని బట్టి మారుతుంటుంది. ఒకప్పుడు అయస్కాంతపు పరుపులు, ఆ తర్వాత ప్రోటీన్ పొడులు, నోని రసాలు, ఇప్పుడు ఇంకేవో. మాట తీరు మాత్రం మారదు. ఫోన్లో విషయం చెప్పరు. "ఒక్క గంట టైమ్ ఇవ్వండి బావగారూ, మా సీనియర్ వచ్చి ప్లాన్ వివరిస్తారు" అంటారు. అలా అడిగినవారికి నేను చెప్పే సమాధానం ఒకటే: సరుకు బాగుంటే డబ్బిచ్చి కొంటాను కానీ ఐడీ మాత్రం, అంటే నా కింద మరికొందరిని చేర్చే సభ్యత్వం, తీసుకోను. మిద్దె తోట గురించి ఒక చిన్న వీడియో చానల్ నడుపుతున్నందున, నలుగురికి వస్తువులు సూచించి కమీషన్ పొందాలంటే అఫిలియేట్ మార్కెటింగ్ అనే ఇంకో దారి ఉందని తెలిసి, అందులో అందరికీ పరిచయమైన అమెజాన్ అసోసియేట్స్ పథకాన్ని ఎంచుకున్నాను. వాడి చూసిన అభిప్రాయమే ఈ సమీక్ష.

ఐడీ ఎందుకు తీసుకోనో ముందు చెప్పాలి, ఎందుకంటే ఈ సేవను నేను తూచేది దానితో పోల్చుకునే. ప్లాన్ చెప్పడానికి వచ్చిన సీనియర్ తెల్ల కాగితం మీద ఒక సున్నా గీసి, అందులో "మీరు" అని రాసి, కింద లెఫ్ట్, రైట్ అంటూ మరికొన్ని సున్నాలు గీస్తాడు. కాగితం అడుగుకు చేరేసరికి సున్నాలకు చోటు చాలదు. ఆ చోటు చాలకపోవడమే అసలు లెక్క. మొదటి వరుసలో ఐదుగురు చేరి, ఒక్కొక్కరు మళ్లీ ఐదుగురిని చొప్పున చేర్చుకుంటూ పోతే, పదమూడో వరుస ఒక్కదానికే 122 కోట్ల మంది కావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం పసిపిల్లలతో సహా మన దేశ జనాభా 121 కోట్లు. సరుకు అమ్మకం మీద కాకుండా మనుషుల చేరిక మీద ఆధారపడిన ఏ పథకంలోనైనా చివరి వరుసల్లో ఉన్నవారు నష్టపోవడం ఎవరి బద్ధకం వల్లనో జరిగేది కాదు, అది ఆ లెక్కలోనే ఉంది.

చట్టం కూడా ఈ లెక్కను పట్టించుకుంది. మనుషులను చేర్చడం మీద డబ్బు తిప్పే మనీ సర్క్యులేషన్ పథకాలను నిషేధిస్తూ 1978లోనే కేంద్ర చట్టం వచ్చింది. నెట్‌వర్క్ మార్కెటింగ్ కంపెనీ ఆమ్వే పథకం ప్రాథమికంగా చూస్తే ఆ చట్టం చెప్పే నిర్వచనంలోకే వస్తుందని 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అభిప్రాయపడింది. 2021 డిసెంబరులో కేంద్రం తెచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు నేరుగా సరుకులు అమ్ముకోవడాన్ని అనుమతిస్తూనే, పిరమిడ్ పథకాలు నడపరాదని, చేరేవారి నుంచి ప్రవేశ రుసుము తీసుకోరాదని స్పష్టం చేశాయి. గుర్తింపు కార్డు, ముందస్తు అనుమతి లేకుండా కొనుగోలుదారు ఇంటికి వెళ్లరాదని కూడా వాటిలో ఉంది. ఆదివారం భోజనాల వేళకు సరిగ్గా వచ్చి కూర్చునే మేనమామ కొడుకుకు ఈ నిబంధన చదివి వినిపించగలిగే ధైర్యవంతులు ఎవరైనా ఉంటే వారికి నా నమస్కారం.

ఇక అమెజాన్ పథకం విషయానికి వస్తే, 1996లో అమెరికాలో మొదలైన ఈ ఏర్పాటులో చేరడానికి రూపాయి కట్టనక్కర లేదు, సరుకు కొని ఇంట్లో పేర్చుకోనక్కర లేదు. దరఖాస్తు చేసుకుంటే మన పేరిట ఒక ట్యాగ్, అంటే గుర్తింపు కోడ్, ఇస్తారు. వస్తువు పేజీ లింకుకు ఆ ట్యాగ్ జతచేసి, మన వీడియో కింద పెట్టుకోవాలి. ఆ లింకు నొక్కి లోపలికి వెళ్లిన వ్యక్తి 24 గంటల్లోగా ఏది కొన్నా మనకు కమీషన్ లెక్క కడతారు. గ్రో బ్యాగుల కోసం లింకు నొక్కిన మనిషి వాటిని వదిలేసి ప్రెషర్ కుక్కర్ కొన్నా అది మన నివేదికలో కనిపిస్తుంది. కొన్నది ఏమిటో కనిపిస్తుంది కానీ కొన్నది ఎవరో కనిపించదు. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చినది ఇదే. ఎవరు కొన్నారో తెలియదు కనుక కొనని వారి మీద నిష్ఠూరం ఉండదు, కొన్నవారికి "ఈ నెల మళ్లీ ఆర్డర్ పెట్టలేదేమండీ" అని ఫోన్ చేసే అవసరమూ ఉండదు.

ఇంకో నిబంధన చదివినప్పుడు నాకు నిజంగా నవ్వు వచ్చింది. మన కోసం, మనవాళ్ల వాడకం కోసం మన లింకు ద్వారా పెట్టుకున్న ఆర్డర్లకు వీరు కమీషన్ ఇవ్వరు. నెట్‌వర్క్ మార్కెటింగ్‌లో మొదటి రోజు చేతికి కాగితం ఇచ్చి రాయించేది బంధుమిత్రుల పేర్ల జాబితానే. ఆ జాబితాతోనే వ్యాపారం మొదలయ్యే చోటుకూ, ఆ జాబితాను పక్కన పెట్టమనే చోటుకూ ఉన్న తేడా చిన్నదేమీ కాదు. పెళ్లిళ్లలో మనల్ని చూసి జనం పక్కకు తప్పుకునే పరిస్థితి రాదు.

డబ్బు విషయంలో మాత్రం ఎవరూ ఆశలు పెంచుకోవద్దు. కమీషన్ శాతం వస్తువు విభాగాన్ని బట్టి మారుతుంది, కంపెనీ తనకు తోచినప్పుడు ఆ పట్టికను మారుస్తుంది. మొబైల్ ఫోన్ల వంటి ఖరీదైన వస్తువులపై శాతం బాగా తక్కువ. ఐదు శాతం ఇచ్చే విభాగమే అనుకున్నా, పన్నులు పోగా 600 రూపాయలు పడే కొమ్మల కత్తెరకు చేతికి వచ్చేది 30 రూపాయలు. కొన్నవారు తిరిగి పంపేస్తే ఆ 30 కూడా లెక్కలోంచి పోతుంది. కమీషన్ 1,000 రూపాయలకు చేరితే తప్ప బ్యాంకు ఖాతాలో వేయరు. అదీ నెల ముగిసిన దాదాపు రెండు నెలలకు. చేరిన 180 రోజుల్లో కనీసం మూడు అమ్మకాలు జరగకపోతే ఖాతా మూసేస్తారు. వీక్షకులు లేని చానల్‌కు ఇది ఆదాయ మార్గం కాదు. ఉన్న చానల్‌కైనా విత్తనాలు, కోకోపీట్ ఖర్చులకు అందివస్తే సంతోషించాలి. "నిద్రపోతున్నా డబ్బు వస్తుంది" అని ఊరించే వీడియోలు ఈ రంగంలోనూ తక్కువ లేవు, వాటిని చూసి ఉద్యోగం మానేయడం తగదు.

24 గంటల గడువు కూడా మన అలవాట్లకు సరిపడదు. మన ఇళ్లలో మిక్సీ కొనాలంటే ఇంట్లో వాళ్లతో మాట్లాడాలి, జీతం పడాలి, పండుగ ఆఫర్లు రావాలి. అప్పటికి మన లింకును అందరూ మరిచిపోతారు.

అఫిలియేట్ పేరు చెప్పుకుని తిరిగే మరో రకం వ్యాపారం గురించి హెచ్చరించకపోతే సమీక్ష అసంపూర్ణమవుతుంది. కొన్ని వేల రూపాయలు కట్టి "అఫిలియేట్ మార్కెటింగ్ కోర్సు" కొనమంటారు. కొన్నాక, అదే కోర్సును ఇతరుల చేత కొనిపిస్తే అందులో పెద్ద వాటా ఇస్తామంటారు. ఇన్‌స్టాగ్రామ్‌లో కొత్త బైకు పక్కన నిలబడి ఫోటో పెట్టే డిగ్రీ కుర్రాళ్లలో చాలామంది ఇలాంటి వాటిలో ఉన్నవారే. పేరు ఏదైనా, అది పాత గొలుసుకట్టే. చేరడానికి మనం డబ్బు కట్టాల్సి వస్తోందా, కమీషన్ వచ్చేది వస్తువు అవసరమై కొన్న బయటివారి నుంచా లేక మన వెనుక చేరినవారి నుంచా అనే రెండు ప్రశ్నలు వేస్తే తేడా అక్కడికక్కడే తేలుతుంది.

అఫిలియేట్ పద్ధతిలోనూ ప్రలోభం లేకపోలేదు. కమీషన్ ఎక్కువ వచ్చే వస్తువును కాస్త ఎక్కువగా మెచ్చుకోవాలని మనసు లాగుతుంది. అందుకే ప్రచారం చేసేవారు తమకు అందే ప్రతిఫలాన్ని దాచకుండా చెప్పాలని, ఏ భాషలో ప్రచారం చేస్తున్నారో ఆ భాషలోనే చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. మన తెలుగు చానళ్లలో మాటంతా తెలుగులో నడిచి, ఈ ఒక్క వాక్యం మాత్రం వివరణ పెట్టె అడుగున ఇంగ్లిషులో ఉంటుంది. చదివేవారికి అర్థం కాకూడదనే అక్కడ పెట్టారేమో అనిపిస్తుంది. "ఈ లింకు ద్వారా మీరు కొంటే నాకు కొంత కమీషన్ వస్తుంది, మీరు చెల్లించే ధర మారదు" అని పై వరుసలోనే రాసుకోవడం కష్టమేమీ కాదు, నేను అలాగే రాస్తున్నాను.

ఏది అమ్మాలో, ఏది వద్దని చెప్పాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ పూర్తిగా మనదే కావడం ఈ సేవకున్న పెద్ద బలం. వేపపిండి, వర్మీకంపోస్టు వంటివి కిలో లెక్కన చూసుకుంటే ఎరువుల దుకాణంలో కొనడమే లాభమని, మొక్కలకు కడియం నర్సరీల వైపు వెళ్లేవారుంటే వారితో తెప్పించుకోమని నా వీడియోల్లో చెబుతుంటాను. అలా చెప్పినందుకు అడిగే అప్‌లైన్, అంటే మనల్ని చేర్పించిన పైవారు, ఎవరూ లేరు. నిజాయితీ గల ఏర్పాటుగా దీనికి ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఆదాయం కోసమే చూసేవారికి మాత్రం రెండుకు మించి ఇవ్వలేను.