నంది కొండల వెనక బైక్ పార్కు: దారులకు పదికి తొమ్మిది, అద్దె సైకిలుకు మూడు

ముందే చెప్తున్నా, పార్కు పేరు రాయడం లేదు. వాళ్ళ సైకిల్ మీంచి పడి మోచేయి చెక్కుకుపోయి ఇంటికొచ్చినదాన్ని, పేరు పెట్టి రాస్తే పగ తీర్చుకుంటున్నట్టు ఉంటుంది. పేరు లేకపోయినా నష్టమేమీ లేదు, ఎందుకంటే ఇక్కడ చెప్పే గొడవలు బెంగళూరు చుట్టుపక్కల సైకిల్ అద్దెకిచ్చే ఏ చోటైనా ఎదురుకావచ్చు.

మాది హిందూపురం. బెంగళూరు వచ్చి పన్నెండేళ్ళయింది. ఊరికి రైల్లో వెళ్ళేటప్పుడు దొడ్డబళ్ళాపురం దాటాక మాకళిదుర్గం కొండ కిటికీలోంచి కనిపిస్తుంది, చిన్నప్పటినుంచి చూస్తూనే ఉన్నా గానీ ఆ కొండల కిందకి సైకిల్ వేసుకుని వెళ్ళొచ్చన్న ఆలోచన మాత్రం నాలుగేళ్ళ కిందట తురహళ్ళి అడవిలో మొదటిసారి మట్టి దారి తొక్కాకే వచ్చింది. తురహళ్ళి తెలియనివాళ్ళకి: కనకపుర రోడ్డు పక్కన, ఊళ్ళోనే ఉన్న చిన్న అడవి, పెద్ద పెద్ద బండలు, నీలగిరి చెట్లు. 2021లో అక్కడ ట్రీ పార్కు కడతామంటే చుట్టుపక్కల జనం వద్దని రోడ్డెక్కారు. యలహంక దగ్గర అవలహళ్ళి అడవిలోనూ సైకిల్ తొక్కే దారులున్నాయి. రెండూ అటవీ శాఖవే, గార్డు వద్దంటే నోరు మూసుకుని వెనక్కి తిరగడమే, వాదన పెట్టుకుంటే మిగతావాళ్ళకి కూడా చెడగొట్టినట్టు.

ఈసారి వెళ్ళింది మాత్రం ప్రైవేటు పార్కు. ఎవరిదో తోట, పన్నెండు ఎకరాలన్నారు, అందులో ఒక పంప్ ట్రాక్, రెండు మూడు చిన్న దారులు, బయట పల్లెల మీదుగా ఇరవై కిలోమీటర్ల చుట్టు. నేను, తమ్ముడు, వాడి కూతురు పదేళ్ళ పిల్ల. మా ఆయన కారు నడిపి అక్కడ దింపి, సీటు వెనక్కి వాల్చి మధ్యాహ్నం దాకా నిద్రపోయాడు, ఆయన రివ్యూ ప్రకారం చెట్టు నీడ బావుంది.

రేటు సంగతి. లోపలికి రావడానికి మనిషికి 300, సొంత సైకిల్ అయితే అంతే. అద్దె సైకిల్ కావాలంటే పూటకి ఇంకో 700, హెల్మెట్ అందులోనే. హెల్మెట్ చెమట వాసన, తలకి కింద ఒక జేబుగుడ్డ వేసుకుని పెట్టుకున్నా. మీకు సొంత హెల్మెట్ ఉంటే తెచ్చుకోండి, లేకపోతే కొనుక్కోండి, ఇందులో పొదుపు పనికిరాదు.

పంప్ ట్రాక్ గురించి మాత్రం మెచ్చుకోవాల్సిందే. తెలియనివాళ్ళకి చెప్తా: ఎర్రమట్టితో వరసగా గుట్టలు గుట్టలుగా కట్టి, చివర్లలో మలుపులు బయటి వైపు ఎత్తుగా వాల్చి పెడతారు, పెడల్ తొక్కకుండానే గుట్ట ఎక్కేటప్పుడు ఒంటిని తేలిక చేసి, దిగేటప్పుడు చేతులతో కాళ్ళతో కిందకి నొక్కుతూ పోతే సైకిల్ దానంతట అదే వేగం పుంజుకుంటుంది. మొదటి రెండు చుట్లు నాకు అస్సలు పడలేదు, మూడో గుట్ట దగ్గరే ఆగిపోయేదాన్ని. మా మేనకోడలు మాత్రం పావుగంటలో పట్టేసింది, "అత్తా, ఉయ్యాల మీద నిలబడి ఊగినట్టు చెయ్యి" అంది, అలా చేశాక నాకూ వచ్చింది. ఆ ట్రాక్‌ని చూసుకునే కుర్రాడు ఒకడున్నాడు, పొద్దున్నే మట్టికి నీళ్ళు చల్లి, పార వీపుతో గుట్ట మీద చరుస్తూ, చేత్తో తడిమి చూసి, మళ్ళీ చరుస్తూ, అరుగు అలికినంత ఓపికగా చేస్తున్నాడు. పొడి మట్టి అయితే రెండు రోజుల్లో గుట్ట నెత్తి రాలిపోతుందట. ఆ 300 ఆ కుర్రాడి చేతికే వెళ్తే బావుండును.

లోపలి దారులకి రంగులేశారు. అమెరికా, కెనడాల్లో కొండ సైకిల్ దారులకి గుర్తులుంటాయి, ఆకుపచ్చ గుండ్రం అంటే సులువు, నీలం చతురస్రం అంటే మధ్యరకం, నల్ల డైమండ్ అంటే ఒళ్ళు దగ్గర పెట్టుకో అని. వీళ్ళూ రాళ్ళకి అవే రంగులు పూశారు గానీ లెక్క తలకిందులు. నల్ల గుర్తు పెట్టిన దారిలో రెండు బండరాళ్ళు, ఒక చిన్న గట్టు, ఫొటో దిగడానికి బావుంటుంది, అంతే. నీలం దారి మాత్రం వానలకి మధ్యలో కోసుకుపోయి, చక్రం ఇరుక్కునేంత లోతు కాలువ పడింది. నల్లదారిని నవ్వుకుంటూ దాటి, అదే ధీమాతో నీలం మీదకి వెళ్ళేవాడికి పళ్ళు రాలతాయి. రంగు చూసి నమ్మకండి, ఏ దారైనా మొదటిసారి సైకిల్ నెట్టుకుంటూ నడిచి చూడండి.

ఇక అద్దె సైకిల్. నాది సర్వీసుకి ఇచ్చి ఉంది, అందుకే అద్దెకి తీసుకున్నా. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, 29 అంగుళాల చక్రాలు, ముందూ వెనకా సస్పెన్షన్, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, బయట దేశంలో కొని తెచ్చిన సైకిల్ అని గొప్పగా చెప్పారు. ఆ మాట దగ్గరే నేను ఆగాల్సింది.

ముందు టైర్లు చూశా, రాయిలా ఉన్నాయి. గాలి కొలిస్తే 45 పీఎస్ఐ. తారు రోడ్డుకి సరే, ఈ నేలకి కాదు. ఇక్కడి నేల ఎలాంటిదంటే కింద గట్టి గ్రానైట్ బండ, దాని మీద గోధుమ రవ్వలాంటి గరుసు ఇసుక, గట్టి టైరు దాని మీద గోళీల మీద నడిచినట్టు జారుతుంది. నా బరువుకి 30 దాకా దింపుతుంటే అద్దెకిచ్చిన కుర్రాడు "అక్కా, పంక్చర్ అవుద్ది" అని కంగారు పడ్డాడు. అతని భయం మరీ తప్పు కాదు, ట్యూబ్ ఉన్న టైరులో మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబ్ నలిగి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి, స్నేక్ బైట్ అంటారు. కానీ 30 అంత తక్కువేం కాదు. పూటకి 700 తీసుకునేవాళ్ళు మనిషి బరువు అడిగి గాలి సరిచేసి ఇవ్వాలి, అడగలేదు.

బ్రేకులు నొక్కి చూశా, రెండూ పడుతున్నాయి. ఏ లివర్ ఏ చక్రానికి అని చూడలేదు. మన దగ్గర సైకిల్ అయినా బైకు అయినా కుడి చేతి బ్రేకు ముందు చక్రానిదే కదా, ఎవరూ ఆలోచించరు. అమెరికాలో అమ్మే సైకిళ్ళకి అది ఉల్టా, ఎడమ చేతిది ముందు చక్రానికి. ఈ సైకిల్ అలాగే ఉంది. ఇచ్చేటప్పుడు గేర్లు ఎలా మార్చాలో ఐదు నిమిషాలు చెప్పిన మనిషి ఈ ఒక్క ముక్క చెప్పలేదు.

చెరువు కట్ట మీదనుంచి దిగే చోట ఒక వాలుంది, పెద్దదేం కాదు, రెండు తాటిచెట్ల పొడవు. దిగుతూ దిగుతూ వెనక చక్రం కొంచెం పట్టుకుందామని ఎడమ లివర్ గట్టిగా నొక్కా. అంతే, ముందు చక్రం బిగుసుకుపోయింది, వెనక భాగం గాల్లోకి లేచింది, నేను హ్యాండిల్ మీదుగా పల్టీ కొట్టి తుమ్మ చెట్టు కింద తేలా. మోచేయి, మోకాలు చెక్కుకుపోయాయి, హెల్మెట్ పక్కన సొట్ట. వెనకాల వస్తున్న తమ్ముడి ముఖంలో రక్తం లేదు. నాకు మాత్రం లేచి కూర్చోగానే ఎక్కడో చదివిన కథ గుర్తొచ్చి నవ్వొచ్చింది: 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కుర్రాళ్ళు లావు టైర్ల పాత సైకిళ్ళతో కొండ దిగే పందెం పెట్టుకున్నారట, ఒక్కసారి కిందికి దిగేసరికి వెనక చక్రం బ్రేకు కాలి అందులోని గ్రీజంతా పొగైపోయేదట, మళ్ళీ కొత్త గ్రీజు కూరుకోవాలి, అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరొచ్చింది. వాళ్ళకి బ్రేకు పడక తిప్పలు, నాకు మరీ పడి తిప్పలు.

పక్క పొలంలో ఉలవలు కోస్తున్న పెద్దావిడ పరిగెత్తుకొచ్చింది. నేను కన్నడంలో మొదలుపెట్టబోతే ఆమె నేరుగా తెలుగులో "యామ్మా, ఎముకేమన్నా ఇరిగిందా చూసుకో" అంది. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు పల్లెల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామందే ఉన్నారు, తెలిసిన సంగతే అయినా అంత నొప్పిలో మా అవ్వ గొంతు విన్నట్టనిపించింది. చెంబుతో నీళ్ళు పోసి కడిగింది. మా ఊరు హిందూపురం అంటే, "మా ఆడబిడ్డను ఆడికే ఇచ్చినాము" అని చుట్టరికం కలిపేసింది. తర్వాత సైకిల్ ఖరీదెంత అని అడిగింది. తమ్ముడు లక్షన్నర ఉంటుందన్నాడు. ఆవిడ సైకిల్ వైపు ఒకసారి, నా మోచేయి వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా మళ్ళీ ఉలవల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కూడా చుట్టు పూర్తి చేశాం, ఎందుకంటే ఆ దారి అలాంటిది. ద్రాక్ష పందిళ్ళ పక్కనుంచి, మల్బరీ తోటల మధ్యనుంచి, నీలగిరి తోపులోకి వెళ్ళి అక్కడనుంచి ఒక పెద్ద బండ మీదకి ఎక్కుతుంది, పైకి వెళ్ళి నిలబడితే ఒక వైపు నంది కొండ, 1478 మీటర్లు, పొద్దున పది అయినా నెత్తిన మబ్బు పట్టుకునే ఉంది. మా పెన్న పుట్టేది ఈ కొండల్లోనే. ఇక్కడ పుట్టి, గౌరిబిదనూరు మీదుగా మా హిందూపురం వైపు వచ్చి, నెల్లూరు దాటి సముద్రంలో కలిసే నది, మేం మాత్రం చిన్నప్పటినుంచి ఇసుకే చూశాం. బండ మీద కూర్చుని వేరుశనగ చిక్కీ తింటూ ఇది చెప్తే మేనకోడలు "అయితే అత్తా, ఇక్కడ ఒక బాటిల్ నీళ్ళు పోస్తే మన ఊరికి వస్తాయా" అంది. పోసింది కూడా. బండ తాగేసింది.

రెండు జాగ్రత్తలు. జనవరిలో వెళ్తే పల్లె రోడ్ల మీద రాగి వెన్నులు, ఉలవ కట్టె పరిచి ఉంటాయి, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. రాగి అయితే జారుతుంది, నెమ్మదిగా పోతే చాలు. ఉలవ కట్టె మాత్రం మహా చెడ్డది, తీగలా చైనుకీ, వెనక గేరు చక్రానికీ చుట్టుకుని డిరేలర్‌ని, అంటే చైనుని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి మార్చే భాగాన్ని, చక్రంలోకి లాగేస్తుంది. తమ్ముడి సైకిల్‌కి అదే అయింది, చాకు పెట్టి పోగు పోగు కోసి తీయడానికి ఇరవై నిమిషాలు. దిగి, సైకిల్ ఎత్తుకుని దాటండి, రైతు కూడా సంతోషిస్తాడు. రెండోది పల్లేరు కాయలు. చెరువు కట్టల మీద నిండా అవే, టైర్లో గుచ్చుకున్నదాన్ని అక్కడే పీకితే గాలి మొత్తం పోతుంది. ఒక ట్యూబ్, ప్యాచులు, చిన్న పంపు లేకుండా పార్కు గేటు దాటొద్దు, వాళ్ళు ఇవ్వరు, అడిగితే "అలాంటిదేం కాదక్కా" అంటారు. మాకు రెండుసార్లు అయింది.

భోజనం పార్కులోనే, 150 రూపాయలు. రాగి ముద్ద, బస్సారు (పప్పు, ఆకుకూర ఉడికించి వంచిన నీళ్ళతో చేసే చారు), పక్కన పచ్చి ఉల్లిపాయ. ముద్ద మా అమ్మ చేసే సంగటి కంటే మెత్తన, సంగటిలో బియ్యం పడుతుంది కదా, ఇందులో ఉత్త రాగిపిండే. బస్సారు ఘాటుగా, వేడిగా. మా ఆయన నిద్ర లేచి రెండు ముద్దలు తిన్నాడు.

సైకిల్ తిరిగిచ్చేటప్పుడు బ్రేకుల సంగతి చెప్పా. అరవలేదు, మోచేయి చూపించి మామూలుగానే చెప్పా. అక్కడి పెద్దమనిషి "మౌంటెన్ సైకిళ్ళకి అలాగే ఉంటాయి మేడమ్, అలవాటు చేసుకోవాలి" అన్నాడు. మార్చలేకపోతే కనీసం లివర్ల మీద రాసిపెట్టండి, ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పండి అన్నా. సరే సరే అన్నాడు. మందు రాసుకుని మేం బయల్దేరుతుంటే మేనకోడలు నా ఫస్ట్ ఎయిడ్ డబ్బాలోంచి ఒక బ్యాండెయిడ్ తీసి, స్కెచ్ పెన్నుతో దాని మీద "ముందు" అని రాసి ఆ సైకిల్ ఎడమ లివర్‌కి చుట్టింది. తెలుగులో రాస్తే ఎవరికి తెలుస్తుందే అని తమ్ముడంటే, ఇంకోటి తీసి కన్నడంలో రాసి దాని పక్కన చుట్టింది.

మూడు వారాల తర్వాత పంప్ ట్రాక్ కోసం మళ్ళీ వెళ్ళాం, పిల్ల ప్రాణం తోడేసింది, ఈసారి నా సైకిలే తీసుకెళ్ళా. ఆ 29 అంగుళాల సైకిల్ స్టాండులో మొదటి వరసలోనే ఉంది. తెలుగు బ్యాండెయిడ్ సగం ఊడి వేలాడుతోంది, కన్నడంది మాసిపోయి అలాగే ఉంది. పక్కన వాళ్ళు అంటించిందంటూ ఏమీ లేదు.