ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్: వర్చువల్ డివైస్‌కి ఎంత ఇస్తే బాగుంటుంది?

యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియోతో ఒక ఎమ్యులేటర్ వస్తుంది, అంటే కంప్యూటర్‌లోనే నడిచే నకిలీ ఆండ్రాయిడ్ ఫోన్ (వర్చువల్ డివైస్). దాన్ని ఏళ్ల తరబడి వాడుతున్నాను. "అబ్బో, స్లో" అని వదిలేసేవాళ్లు నాకు చాలామందే తెలుసు. సెట్టింగ్స్ కుదిరితే మాత్రం 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా ఇది హాయిగా నడుస్తుంది.

ముందు చూసుకోవాల్సింది హార్డ్‌వేర్ యాక్సిలరేషన్. ఎమ్యులేటర్ లోపల పనిచేసేది క్యూఈఎంయూ, ఒక కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్‌ని అనుకరించే ప్రోగ్రామ్. ప్రాసెసర్ వైపు నుంచి వర్చువలైజేషన్ (నకిలీ మెషీన్‌ని నేరుగా ప్రాసెసర్ మీద నడిపే సదుపాయం) సాయం అందకపోతే ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నీ సాఫ్ట్‌వేరే అనుకరించాలి. అప్పుడు బూట్ అయ్యేసరికి ఓపిక అయిపోతుంది. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు తెరిచే సెట్టింగ్స్‌లో) ఈ సదుపాయాన్ని ఆన్ చేయాలి, ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎం అని ఉంటుంది. లినక్స్‌లో మన యూజర్‌ని కేవీఎం (లినక్స్‌లో వర్చువలైజేషన్ చూసుకునే భాగం) గ్రూప్‌లో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి వస్తే సరిపోతుంది. విండోస్ కోసం రాసిన పాత ట్యుటోరియల్స్ ఇదే పనికి ఇంటెల్ ఇచ్చిన హ్యాక్సమ్‌ని ఇంకా వేసుకోమనే చెబుతున్నాయి. ఇంటెల్ దాన్ని 2023లోనే ఆపేసింది కాబట్టి, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ ఆన్ చేసుకోండి.

ఇక ర్యామ్. ఎక్కువ ఇస్తే ఎక్కువ స్పీడు వస్తుందనుకుంటారు గానీ, జరిగేది తరచూ దానికి ఉల్టా. స్టూడియో, కోడ్‌ని యాప్‌గా కట్టే గ్రేడిల్ ఇప్పటికే మెమరీని బాగా తినేస్తుంటాయి. వర్చువల్ డివైస్‌కి ఇంకో 6 జీబీ రాసిస్తే ల్యాప్‌టాప్ ర్యామ్ చాలక డిస్క్‌ని ర్యామ్‌లా వాడుకోవడం (స్వాప్) మొదలుపెడుతుంది, రెండూ నత్తనడకే. పైగా క్విక్ బూట్ స్నాప్‌షాట్‌లో (మళ్లీ వెంటనే తెరుచుకోవడానికి మూసేటప్పుడు దాచుకునే స్థితిలో) ఆ ర్యామ్ అంతా డిస్క్‌లోకి వెళ్తుంది. ర్యామ్ పెరిగేకొద్దీ స్నాప్‌షాట్ ఫైలూ పెరుగుతుంది, మూసేటప్పుడు సేవ్ కావడమూ ఆలస్యమవుతుంది. నేను 2 జీబీ ర్యామ్, 2 కోర్లు ఇస్తాను. చవక ఫోన్లు వాడేవాళ్ల దగ్గర యాప్ ఎలా ఉంటుందో కూడా దాంతో కొంత తెలుస్తుంది. స్క్రీన్ విషయంలోనూ ఇదే పద్ధతి. 2560×1440 స్క్రీన్‌లో 1280×720 కంటే పిక్సెళ్లు సరిగ్గా నాలుగు రెట్లు, అన్నింటినీ మన గ్రాఫిక్సే గీయాలి.

సిస్టమ్ ఇమేజ్ (వర్చువల్ డివైస్‌లో వేసే ఆండ్రాయిడ్ కాపీ) ఎంపికలో ఒక్క మాట. ప్లే స్టోర్ ఉన్న ఇమేజ్‌లో ఏడీబీ రూట్ (కంప్యూటర్‌లోని ఏడీబీ టూల్‌తో డివైస్ మీద పూర్తి అధికారం) దొరకదు. పేమెంట్లు, సబ్‌స్క్రిప్షన్లు చూడాలంటే ఆ ప్లే స్టోర్ ఇమేజే కావాలి, మిగతా రోజువారీ పనికి ప్లే స్టోర్ లేని గూగుల్ ఏపీఐస్ ఇమేజ్ చాలు. యాపిల్ ఎం సిరీస్ మ్యాక్‌లలో వాటి ప్రాసెసర్‌కి సరిపోయే ఆర్మ్64 ఇమేజ్ వేయాలి.

కొత్తవాళ్లకి రెండు సంగతులు. ల్యాప్‌టాప్‌లో నడిచే సర్వర్‌ని యాప్ నుంచి పిలవాలంటే లోకల్‌హోస్ట్ అని రాస్తే కుదరదు (అది ఎమ్యులేటర్‌నే సూచిస్తుంది), 10.0.2.2 అని రాయాలి. ఎమ్యులేటర్ కన్సోల్‌లో (కమాండ్లు టైప్ చేసే చోట) జియో ఫిక్స్ కమాండ్‌తో లొకేషన్ మార్చేటప్పుడు రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. విజయవాడ కావాలంటే 80.64 16.51 అని ఇవ్వాలి. తిరగేసి ఇస్తే మ్యాప్ ఆర్కిటిక్ దాకా పోతుంది.

ఎమ్యులేటర్‌ని నేను బాగా ఇష్టపడేది తెలుగు యాప్‌ల టెస్టింగ్‌లో. భాష తెలుగు పెట్టి, ఫాంట్ సైజు చివరిదాకా జరిపి చూడండి. ఎత్తు ఫిక్స్ చేసిన బటన్‌లో "రాష్ట్రం" అని ఉంటే కింది ఒత్తు సగానికి తెగిపోతుంది. ఇంగ్లిష్‌లో ఈ బగ్ అసలు కంటపడదు. వేర్వేరు ఆండ్రాయిడ్ వెర్షన్లలో ఇదే స్క్రీన్‌ని పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి ఇన్ని ఫోన్లు ఎవరు కొనగలరు?

అయితే బ్యాటరీ ఖర్చు, ఫోన్ వేడెక్కడం, కంపెనీలు తమ ఫోన్లలో బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లను ఆపేసే తీరు ఇందులో తెలియవు. రిలీజ్‌కి ముందు అసలు ఫోన్‌లో చూడటం తప్పదు. 8 జీబీ ల్యాప్‌టాప్‌తో నేర్చుకుంటున్న విద్యార్థులకైతే నా సలహా ఇది: రోజూ రాసే కోడ్‌ని మీ ఫోన్‌లోనే నడపండి. ఆండ్రాయిడ్ 11 నుంచి వైర్‌లెస్ డీబగ్గింగ్ (కేబుల్ లేకుండా వైఫై మీద ఫోన్‌లో యాప్ నడిపి చూడటం) కూడా ఉంది. మీ దగ్గర లేని వెర్షన్‌లోనో, ట్యాబ్లెట్ స్క్రీన్ మీదో చూడాల్సి వచ్చినప్పుడే ఎమ్యులేటర్ తెరవండి.